వెండెల్ తూటాల డబ్బా

వేట మకాం, మానిటోబా

నాన్నా, నేనూ తమ్ముడు వెండెల్ క్షేమం. వెండెల్‌ది లాంటి కొత్తరకం కావాలని మన పాత రష్యా తుపాకీని తుపాకుల కొట్టు క్లెమెంట్‌కి మార్పిడికి ఇచ్చేయకు! ఇవాళ పొద్దున ఏటి ఒడ్డున దుప్పి కనిపించింది.

"నువ్వు తూటాలు ఒక్కొక్కటే కుక్కేలోపు దానికి ముసలితనం వస్తుందే అక్కా!" అని తమ్ముడు వెక్కిరిస్తూ తుపాకీ ఎత్తాడు. తీరా చూస్తే, దారిలో కొమ్మ తగిలి తుపాకీ కింద తగిలించే తూటాల డబ్బా ఎక్కడో ఊడిపోయింది! మనదానికి ఊడే డబ్బా ఏది? ఒక్క దెబ్బకే పడగొట్టాను!

నిజం చెప్పాలిగా, బండెక్కేముందు చట్టప్రకారం తుపాకీ ఖాళీ చెయ్యడానికి వాడిదే సుఖం. నేను మంచులో తూటాలు ఏరుకున్నాను.

ఫ్రీజర్ ఖాళీ చేయించావా? కార్జం మొదట మామ్మకే.

వెండెల్ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు, మంచులో డబ్బా వెతుకుతూ, తలైనా ఎత్తకుండా.

నీ లొరెయిన్