ఘోష ఏ పక్క

ఏవండీ,

మీ సూర్యకళ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇలాగే మొదలెట్టాలి కాబట్టి రాశాను. ఆ పరాయి దేశం జైల్లో మీరు నలుగురూ క్షేమమని మీరూ రాశారుగా, నేనూ అలాగే నమ్మాను. మన ఉత్తరాలు వాళ్ళు చదివాకే మీకిస్తారట. చదువుకోనివ్వండి, వాళ్ళకి మన తెలుగేం బోధపడుతుంది లెండి.

మీరడిగినవాటికి ముందు జవాబులు. ఇంటి కప్పు కురుస్తూనే ఉంది. చిన్నిని మండపేటలో మా అక్క దగ్గర పెట్టి చదివించమన్నారు, అది ససేమిరా అంది. "నాన్న వచ్చేసరికి నేనిక్కడే ఉండాలి" అని ఒకటే ఏడుపు. మీ విడుదల గురించి ఫిషరీసు ఆఫీసులో అడిగితే "పైనుంచి రావాలమ్మా" అంటారు. ఆ పైన ఎవరున్నారో ఆ దేవుడికే తెలియాలి. నేను అడగడం మానేశానండి. ఆశ చచ్చిపోయింది, మీ దగ్గర దాచడమెందుకు.

ఇక మీరు కింద గీత గీసి మరీ రాసిన ముక్క. "తమ్ముడు బుజ్జిబాబు దుడుకువాడు. మా నాన్న సముద్రం ఘోష విని వెళ్ళి రండి అంటేనే వాణ్ణి వేటకి పంపు" అన్నారు. దీనికి జవాబు రాయలేకే ఇంత ఆలస్యమైంది.

మావయ్యగారు ఇప్పటికీ తెల్లారకుండానే దిబ్బెక్కి కళ్ళు మూసుకుని నిలబడతారు. సముద్రం ఘోష దక్షిణాన్నుంచి వస్తే మంచిది, తూర్పునుంచి వస్తే మొగ దాటి సముద్రంలోకి వెళ్ళకూడదు. కుర్రాళ్ళ ఫోన్లలో రంగురంగుల మ్యాపులున్నా, ఆయన "వెళ్ళి రండి" అననిదే ఒక్క పడవా కదలదు. మొన్న నేను టీ గ్లాసు పట్టుకుని ఆయన వెనకాలే ఉన్నాను. ఐసు వ్యాను వెనక్కొస్తూ హారన్ మీద హారన్ కొడుతోంది. ఆయన కదల్లేదు. చెయ్యి పట్టి లాగాను. నాకు తెలిసిపోయిందని నా మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది.

"అమ్మాయ్, ఘోష ఏ పక్కనుంచి వస్తోంది?" అన్నారు. గుసగుసగా అన్నాననుకున్నారు పాపం, అరిచినట్టే అన్నారు.

నాకేం తెలుస్తుందండీ! నాకు అన్ని పక్కలా ఒకటే హోరు. ఆయనకి చెవులు పోయి రెండేళ్ళు దాటిందట. అంటే, పోయినేడు మిమ్మల్ని వెళ్ళి రండి అన్న రోజు కూడా ఆయనకేమీ వినబడలేదు. ఆ రోజే కదా మీ ఇంజిను ఆగిపోయి, గాలివానకి ఆ దేశం నీళ్ళలోకి కొట్టుకుపోయి పట్టుబడ్డారు. "మరెలా చెప్పారు మావయ్యగారూ?" అని చేతులు తిప్పి అడిగాను. "మొహాలు చూసి చెప్పానమ్మా. వాడికి వెళ్ళాలనుంది, వెళ్ళమన్నాను" అని పసిపిల్లాడిలా ఏడ్చేశారు. తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టినా వినబడదు కదా.

బుజ్జిబాబుకి చెప్పేశాను, ఈ మాట వింటే ఆగుతాడనుకున్నాను. వలకి ముడేస్తూ నవ్వాడండీ మీ తమ్ముడు. "అందరికీ తెలుసు వదినా. వాయుగుండమని ఒడ్డునే కూర్చున్నాం, పొయ్యిలో పిల్లి లేచి ఎన్నాళ్ళయింది? ఎలాగూ వెళ్ళాల్సిందే. పెద్దాయన వెళ్ళి రండి అంటే ఓ ధైర్యం, అంతే" అన్నాడు.

ఇవాళ పొద్దున్న వెళ్ళాడు. మావయ్యగారు వాడి వైపు చూడకుండా మొహం తిప్పుకున్నారు. వాడే కాళ్ళకి దణ్ణం పెట్టి, కదలకుండా ఎదురుగా నిలబడ్డాడు. చివరికి ఆయన వాడి మొహం చూసి "వెళ్ళి రా" అన్నారు.

ఇప్పుడు గాలి తిరిగింది. తలుపు కొట్టుకుంటోంది. వాడి ఫోన్ అందట్లేదు. ఘోష తూర్పునుంచే వస్తోంది, ఈసారి నాక్కూడా తెలుస్తోంది. మావయ్యగారు గుమ్మంలో కూర్చుని "ఏ పక్కమ్మా?" అని అడుగుతున్నారు. దక్షిణానికి చెయ్యి చూపించాను. మొహాలు చదవడం అలవాటైపోయిన మనిషి, నమ్మలేదు.

ఒక్కటే అడుగుతానండి. అందరికీ తెలుసన్నాడు బుజ్జిబాబు. ఆ రోజు మీకూ తెలుసా? తెలిసే వెళ్ళారా? జవాబు రాయండి. తెలియదనే రాయండి.

ఇట్లు,
మీ చిన్ని వాళ్ళమ్మ,
సూర్యకళ