అమ్మ ప్రార్థనలో ఇంగ్లండు రాజు

శుక్రవారం రాత్రి, అల్ వక్రా

ఈ గల్ఫ్ ఊళ్ళో ప్రపంచకప్ కోసం స్టేడియం లైట్లు పరీక్షిస్తున్నారు. నిద్ర రావడం లేదు.

సాయంత్రం మా ఇంటి కూడికలో ఎప్పటిలాగే ఇంగ్లండు సింహాసనం కోసం ప్రార్థించాను. రాణిగారు పోయారు కనుక రాజుగారన్నాను. ఆమెన్ అనగానే కూడికకు వచ్చే కుర్రాడు ప్రసాద్ అందుకున్నాడు.

"వాళ్ళెళ్ళి డెబ్బై ఐదేళ్ళయిందండీ ఆంటీ! ఇంకా ఆ రాజుతో మనకేంటి? మన దేశం కామన్‌వెల్త్‌లోంచే బయటికొచ్చేయాలి."

"ఇక్కడి అమీర్ కోసమూ చేస్తున్నాంగా బాబూ?"

"ఆయన వీసా ఇచ్చాడండీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దొరలు కట్టిన ఆసుపత్రిలో నేను బతికి పుట్టానని అమ్మ మొదలుపెట్టిన ప్రార్థన అది. కృతజ్ఞతో, తలవంచే అలవాటో... ప్రసాద్‌ది తప్పనలేను.

ఇందాక మోకరించి, రాజును వదిలేసి ప్రార్థిద్దామని చూశాను. ఆ మాట రావలసిన చోట ఆగాను. ప్రార్థించేటప్పుడు నాలో వినిపించే అమ్మ గొంతు కూడా అక్కడే ఆగిపోయింది.