దాత: శ్రీమతి దుర్గవ్వ, జమ్మికుంట

కరీంనగరం,
14-7-1964, మంగళవారం.

నాయినమ్మకు రెండు చేతులు జోడించి నీ మనుమడు కొమురెల్లి రాస్తున్న ఉత్తరం.

ఈ రోజు తెల్లవారగానే నాకు కలిగిన మొదటి ఆశ్చర్యం చెబుతాను. చీమ మూతి మీద వెంట్రుకలున్నాయి! గడ్డం గీసుకోవడం మరచిపోయిన పెద్దమనిషిలా ఉంది. ఇది కంటితో చూసింది కాదు, కెమెరాలో చూసింది.

కెమెరా ఎక్కడిదని అడుగుతావు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదా, ఫోటో స్టూడియో అంబదాసన్న తన పాత చెక్క కెమెరాను శ్రావణం వచ్చేదాకా వాడుకోమన్నాడు. ఫోటో పలకలు మాత్రం రెండే ఇచ్చాడు. ఆ కెమెరాలో చీమ చీమంతే కనబడుతుంది. అందుకని బట్టల దుకాణంలో గుడ్డ తాను చుట్టే అట్టగొట్టం అడిగి తెచ్చి, లోపల దీపపు మసి పూసి, కెమెరా ముందు బిగించాను. గొట్టం కొసకు కెమెరా అద్దాన్ని వెనక వైపు ముందుకు వచ్చేలా తిప్పి నూలుతో కట్టాను. నూలు నువ్విచ్చిన దుప్పటి అంచుది, మన్నించు. ఇప్పుడు చీమ దోసకాయంత అయింది, తలకిందులుగా ఉందనుకో.

కాలేజీ ప్రదర్శనకు మనిషితో కాపురం చేసే చిన్న ప్రాణి ఫోటో తెమ్మని జీవశాస్త్రం సారు రామచంద్రం గారు చెప్పారు. మొదటి స్థానం వచ్చిన ఫోటోనూ, తీసినవాణ్ణీ హైదరాబాదు ప్రదర్శనకు తీసుకుపోతారట. మన ఊరి మీదుగా రోజూ పోయే రైలును చూడటమే గాని, అది చేరే ఊరును నేను చూడలేదు.

ఈగను ఒకడు, నల్లిని ఇంకొకడు తీసుకున్నారు. నాకు పేను మిగిలింది. హాస్టల్లో అందరివీ గుండ్లే. నువ్వు మధ్యాహ్నం పూట అరుగు మీద వాడకట్టు తలలన్నీ చూస్తావు కదా, ఐదారు పేలను బస్సు కండక్టరు భూమన్నతో పంపు.

ఇట్లు, నీ ఆశీస్సులు కోరే
కొమురెల్లి

తా.క. ప్రాణంతో పంపు. నీ గోళ్ళ మధ్య పడ్డాక అవి ఫోటోకు పనికిరావు.

•

జమ్మికుంట, 17-7-1964.

చిరంజీవి కొమురెల్లికి నాయినమ్మ నాగవ్వ దీవెనలు. చెప్పేది నేను, రాసేది పోస్టాఫీసు రాజలింగు.

కొడుకా, ఇంత చుట్టు తిప్పి చెప్పుడెందుకు? నీ తలకు పేండ్లు వడ్డయ్. సిగ్గువడి చీమ మూతి, దోసకాయ అని కథలు పెట్టినవ్. పేండ్లు కావాలని అడిగేటోడు లోకంల ఉంటడా? చిన్నప్పుడు బెల్లం తిని, మూతి తుడుసుకొని, ‘నాయినమ్మా, చీమలు బెల్లం తింటయా’ అని గిట్లనే అడిగెటోనివి.

ఫికర్ చెయ్యకు. సీతాఫలం గింజలు నూరి నూనెల కలిపి పంపుతున్న. తలకు పట్టిచ్చి గుడ్డ కట్టుకో. కండ్లల్ల వడనియ్యకు, మండుతది. మీ బాపుకు చెప్పలే.

నీ మంచి కోరే
నాగవ్వ (వేలిముద్ర)

తా.క. రాజలింగు సొంతంగా రాస్తున్నది: పొట్లం ఇప్పుడే కారుతున్నది. ఉత్తరం మీది మరక నాది కాదు, మీ నాయినమ్మ ప్రేమది.

•

కరీంనగరం, 20-7-1964.

ప్రేమమయి నాయినమ్మకు కొమురెల్లి నమస్కారాలు.

నా తల పీట చెక్కంత నున్నగా ఉంది, ఒట్టు. అయినా నీ మందు వృథా కాలేదు. ఎలాగంటే వెలుతురు సంగతి చెప్పాలి.

ముసురు పట్టి ఎండ లేదు. ఒక పక్క హాస్టల్ టేబులు దీపం పెట్టాను. రెండో పక్క నా గది మిత్రుడు అంజన్న సైకిలును స్టాండు మీద నిలిపి పెడలు తొక్కుతుంటే ముందు దీపం వెలుగుతుంది. సిగరెట్టు పెట్టెలోని తళతళ కాగితం కింది నుంచి వెలుతురును తిప్పికొడుతుంది. ఇంత చేసినా చీమ బొగ్గుపెళ్ళలా నిగనిగలాడేదే గాని వివరం కనబడేది కాదు. నిన్న నీ పొట్లం విప్పి, నూనె పీల్చిన ఆ కాగితాన్ని దీపం ముందు వేలాడదీశాను. వెలుతురు మెత్తబడింది! ‘మృదుకాంతి’ అనే మాట పుస్తకంలో చదివాను. నిన్న చూశాను, సీతాఫలం గింజల వాసనతో సహా.

ఇక పేలే తక్కువ. ఫోటో కింద ప్రాణిని ఇచ్చినవారి పేరు రాయాలని సారు నియమం పెట్టారు. ‘దాత: శ్రీమతి నాగవ్వ, జమ్మికుంట’ అని అందమైన అక్షరాలతో రాసి పెట్టుకున్నాను. నీకు సంతోషమే కదా?

నీ
కొమురెల్లి

తా.క. మిగిలిన మందు అంజన్న పెట్టుకున్నాడు. వాడిదీ గుండే. ఊరికే పోతుందని.

•

జమ్మికుంట, 23-7-1964.

కొమురెల్లికి నాగవ్వ కోపంతోనే దీవించి చెప్పేది.

పేను కింద నా పేరు రాస్తవా? కరీంనగరంల మనోళ్ళు ఎంతమంది లేరు! ‘గిది నాగవ్వ తలల పుట్టి, నాగవ్వ నెత్తురు తాగి బలిసింది’ అని చదువుకుంట పోవాల్నా? మన ఇంట్ల పేను అనేదే లేదు. ఉంటే గింటే ఎదురింటి దుర్గవ్వ తలల ఉంటయ్. మొన్న నేను గంజి పెట్టి ఆరేసిన నూలును ఆమె మేక నాకిపాయె. అడిగితే ‘మేకకేం తెలుసు వదినా’ అన్నది. మేకకు తెల్వదు, నాకు తెలుసు.

భూమన్నతోని డబ్బా పంపిన. పేండ్లు దుర్గవ్వయే. ఆమె పేరే రాయి. చిన్నగ కాదు, సైన్మ బోర్డు తీరు రాయి.

నీ నాయినమ్మ
నాగవ్వ (వేలిముద్ర)

తా.క. రాజలింగు: డబ్బాలో పేలతోపాటు చిన్న ఎర్ర ఈక ఉంది. అదేమిటని అడిగాను. ‘నేను చెప్పింది రాయి, నువ్వు చూసింది రాయకు’ అన్నది.

•

కరీంనగరం, 28-7-1964.

నాయినమ్మకు ఆనందంతో తబ్బిబ్బవుతున్న కొమురెల్లి నమస్కారాలు.

గెలిచాను! కాలేజీలో మనదే మొదటి స్థానం.

పేను ఒకచోట నిలవదు. కొంచెం కదిలినా ఫోటో అంతా పొగే. సోడా దుకాణంలో ఐసుముక్క అడిగి తెచ్చి, దాని మీద రేకుపెట్టి, రేకులో పేనును పెట్టాను. చలికి బుద్ధిగా పడుకుంది. ఇంత దగ్గరగా చూస్తే ఒక కాలు తేటగా వచ్చినప్పుడు రెండో కాలు మసకవుతుంది. పేనును సూదిమొనతో అటూ ఇటూ జరిపి జరిపి, అన్ని కాళ్ళూ ఒక వరుసకు వచ్చాక, ‘అంజన్నా, తొక్కు!’ అన్నాను. వాడు తొక్కాడు. ఊపిరి బిగబట్టి పలక మీద వెలుతురు పడనిచ్చాను. వాడికి కాళ్ళు, నాకు ఊపిరి ఒకేసారి అయిపోయాయి.

అంబదాసన్న దాన్ని కడిగి, గోడ క్యాలెండరంత పెద్దది చేసి ఇచ్చాడు. ప్రతి రోమమూ లెక్కపెట్టవచ్చు. కింద నువ్వు చెప్పినట్టే సినిమా బోర్డులా రాశాను. జనం ముందు పేరు చదివి, తరువాతే పేనును చూస్తున్నారు.

నీ
కొమురెల్లి

తా.క. దుర్గవ్వకు మాత్రం తెలియనివ్వకు. భూమన్న కూడా చూసిపోయాడు, అదే భయం.

•

జమ్మికుంట, 31-7-1964.

కొమురెల్లికి నాగవ్వ దీవెన, తొందరల.

భూమన్న బస్సు దిగంగనే వాడకట్టంత చెప్పిండు. దుర్గవ్వ పొద్దటి సంది మన గడప ముందట నిలవడ్డది. నేను తలుపేసుకున్న. రాజలింగు దొడ్డి గోడ దునికి వచ్చి రాస్తుండు. ఆమె పేరు జల్ది తీసెయ్ కొడుకా, జర పుణ్యముంటది.

నాగవ్వ (వేలిముద్ర)

తా.క. రాజలింగు: దునికేటప్పుడు నా ధోతి చినిగింది. ఇది ప్రభుత్వ పని కిందికి వస్తుందో రాదో తెలియదు.

•

కరీంనగరం, 3-8-1964.

నాయినమ్మకు చిన్నబోయిన మనసుతో కొమురెల్లి నమస్కారాలు.

దుర్గవ్వ పేరు తీయవలసిన పని నాకు లేకుండానే పోయింది. సారే తీయించారు. మొన్న ఆయన భూతద్దం పెట్టి మన ఫోటోను చూసి చూసి, ‘ఏమయ్యా, ఈ దాతకు రెక్కలున్నాయా?’ అని అడిగారు. మనిషి తలలోని పేనుకు తల సన్నగా ఉంటుందట. దీనిది వెడల్పు తల. ఇది నెత్తురు పీల్చేది కాదు, ఈకలు కొరికేది. కోడిపేను!

ఇప్పుడు ఫోటో కింద ‘దాత: ఒక కోడి, జమ్మికుంట’ అని ఉంది. కోడి మనిషితో కాపురం చేసినా, దాని పేను చెయ్యదు కాబట్టి హైదరాబాదుకు పనికిరాదన్నారు సారు. శుక్రవారంలోగా అసలు తలపేను ఫోటో తెస్తే తీసుకుపోతానన్నారు, లేకపోతే నల్లి ఫోటోవాడు పోతాడు. శనివారం శ్రావణం వస్తుంది. శుక్రవారం సాయంత్రమే కెమెరా అంబదాసన్నకు ఇచ్చెయ్యాలి. పలక ఒక్కటే మిగిలింది. నాయినమ్మా, నిజం చెప్పు. ఇంకొకరి తల దొరకదా?

నీ
కొమురెల్లి

తా.క. అంజన్న ఇంకా సైకిలు దిగలేదు. ఆశ వదలలేదట.

•

జమ్మికుంట, 5-8-1964, బుధవారం.
(సాయంత్రం బస్సుల భూమన్న చేతికి)

చిరంజీవి కొమురెల్లికి నాగవ్వ దీవెనలు.

ఔ కొడుకా, అవి మన ఎర్ర కోడియే. దుర్గవ్వ తల నేను ముట్టుకుంటే ముట్టుకోనిస్తదా? కోడిది ఎవలు గుర్తువడతరు అనుకున్న. మీ సారు పరేషాన్ జేసే మనిషి ఉన్నట్టున్నడు.

అసలు ముచ్చట ఇను. నేను తలుపు తీసేదాకా దుర్గవ్వ కదలలే. తీసిన. ‘వదినా, నా పేరు ఎంత పెద్దగ రాసిండ్రు? శ్రీమతి అని పెట్టిండ్రా?’ అని అడిగింది! కొట్టనీకె రాలే. జమ్మికుంటల ఎవ్వల పేరన్న కరీంనగరం కాలేజీ గోడ మీద ఉన్నదా అని బాయి కాడ అందరితోని అనుకుంట తిరిగిందట. నీ ఉత్తరం వచ్చినంక రాజలింగు ‘ఒక కోడి’ అని చదివిండు. గప్పుడు వచ్చింది ఆమెకు కోపం. ‘నా పేరు కొట్టేసి కోడి పేరు రాస్తరా? నా తలల లేవా? నీ మనుమనికి సూపిస్త, ఆగు’ అన్నది.

గప్పటి సంది దువ్వెన ముట్టలే, నూనె ముట్టలే. డబ్బాల పంపుతనంటే నన్ను నమ్మలే. రేపు పొద్దుగాల మొదటి బస్సుల తల తీసుకొని తానే వస్తది. అంజన్నను సైకిలు మీద కూసోవెట్టు, ఐసు తెచ్చి పెట్టుకో. పేరు మళ్ల పెద్దగ రాయి.

నిన్ను హైదరాబాదుకు తోలే
నాగవ్వ (వేలిముద్ర)

తా.క. రాజలింగు: బస్సులో ఇద్దరు వస్తున్నారు. ‘గోడ మీద రెండు పేర్లు పడతయా’ అని మీ నాయినమ్మ రాయమన్నది. నిన్నటి నుంచి ఆమె కూడా దువ్వెన ముట్టలేదు. దుర్గవ్వకు చెప్పవద్దన్నది, రేపు పొద్దున బస్సులో పక్కపక్కన కూర్చుంటారు, ఎవరివి ఎవరికి ఎక్కినా ఒక పలకకు సరిపోతాయి.