తీసేసిన కప్ప

మనవరాలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కప్పల వంశవృక్షాలు రెండూ భూతద్దం పెట్టి చూశాను. మొదటిదాంట్లో నువ్వు వానలో తడిసి పట్టుకొచ్చిన కప్ప కొత్త జాతిగా వెలిగిపోతోంది. దాని డీఎన్‌ఏ నమూనాలో వేరే కప్పది కలిసిందని తెలిశాక, కంప్యూటర్లో ఆ కొమ్మను నువ్వే కత్తిరించావు. "ఉంచెయ్యవే, ఎవరు చూడొచ్చారు!" అని నీ స్నేహితురాలు అన్నా వినలేదట. పైగా, ఎందుకు తీశావో ఆ కొమ్మ లేని రెండోదాని కింద రాశావు. అది నాకు నచ్చింది.

"ఒక్క కప్ప కోసం డాక్టరేట్ ఏడాది వెనక్కి పోయిందమ్మా!" అని మీ నాన్న తల పట్టుకున్నాడు.

"అది ఉంటే అసలుకే మోసం కదరా," అన్నాను.

నేను ఊరికే మెచ్చుకోనని నీకు తెలుసు. రెండో వృక్షానికి అద్దం కట్టించి హాల్లో పెట్టాను. నిన్న వచ్చినవాళ్లకు మీ నాన్న అందులో లేని కప్ప గురించే చెబుతున్నాడు.

నాయనమ్మ