మీరు పంపిన ఫారం అందింది

మార్చి 9, గురువారం

గౌరవనీయులైన వయొలిన్ టీచరు గారికి,

నమస్కారాలు. మేమిక్కడ క్షేమం. మేము అని అలవాటు కొద్దీ రాశాను, ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను.

మీ ఉత్తరమూ, దానితో పాటు మీరు పంపిన ఫారమూ అందాయి. మా వాణ్ణి జైల్లో చూడాలంటే రక్తసంబంధం లేనివాళ్ళకి ఇంట్లోవాళ్ళ సంతకం కావాలట. ఎక్కడ పెట్టాలో నాకు తెలియదనుకున్నారేమో, పెన్సిలుతో చిన్న గుర్తు కూడా పెట్టారు. ఎంత ముందుచూపు! రక్తసంబంధం అన్న మాట అచ్చులో చూసి, నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకి ఒక్కచోటైనా ఎవరు ఎవరో తేల్చి రాశారు.

సంతకం పెట్టలేను. కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా సరే.

వాడు బాగానే ఉన్నాడు. పదిహేను రోజులకోసారి ఒక్కరికే, ఇరవై నిమిషాలే. నేనే వెళ్ళి వస్తున్నాను. అద్దానికి అటు వాడు, ఇటు నేను, మధ్యలో ఫోను. ఒళ్ళు చేశాడు. అక్కడి కుట్టుపని గదిలో గుండీలు కుడుతున్నాడట. నా పక్కన కూర్చుని కాజాలు కుట్టడం నేర్చుకోరా అని ఎన్నిసార్లు బతిమాలాను! పాఠానికి మీ మేడ మెట్లెక్కడానికి ఉన్న తీరిక నా మిషను దగ్గరికి రావడానికి ఉండేది కాదు. చివరికి వాడికి సూది పట్టడం నేర్పింది నేనూ కాదు, మీరూ కాదు, ఎవరో వార్డరు.

మూడు నెలలుగా ఒక్క కాగితమూ రాలేదు, స్వరాలు రాయడం మానేశాడా అని అడిగారు. మానేశాడనే అనుకోండి. మానేస్తేనే మంచిది. హోటల్లో వాయించడానికి వెళ్ళబట్టే కదా ఆ తాగుడు, డ్రమ్ములు వాయించే ఆయనతో ఆ గొడవ, కుర్చీ ఎత్తి కొట్టడం. ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. నేను వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళావిడ అన్నవన్నీ తలొంచుకుని విని వచ్చాను. మీరు వెళ్ళారా? తప్పు మీదని అనడం లేదు. కానీ వాడు బాగా వాయించిన రోజు అందరూ మీ శిష్యుడన్నారు, కుర్చీ ఎత్తిన రోజు నా కొడుకన్నారు. ఈ పంపకం నాకు నచ్చలేదు.

ఎనిమిదేళ్ళప్పుడు వాణ్ణి మీ దగ్గరికి తీసుకొచ్చింది నేనే, అది మర్చిపోకండి. మేడ మీద గదిలో పాఠం, మెట్ల మీద నేను. తలుపు సందులోంచి కనపడేది. మీరు రెండు వేళ్ళతో వాడి మణికట్టు పట్టుకుని కమాను నడిపించేవారు. వాడు కళ్ళు మూసుకునేవాడు. నా దగ్గర తల దువ్వించుకోవడానికి కూడా నిలబడని వాడు! ఆ చెయ్యి నా కడుపులో పెరిగిందండీ అని లోపలికొచ్చి చెప్పాలనిపించేది. ఒకసారి జ్వరమొస్తే మిమ్మల్నే కలవరించాడు. తడిగుడ్డ వేసింది నేను, పిలిచింది మిమ్మల్ని. కుళ్ళు అంటారో, ఇంకేమంటారో మీ ఇష్టం. అప్పటినుంచీ నాకు కడుపు మండుతూనే ఉంది.

అందుకని ఆ ఇరవై నిమిషాలూ నాకు వదిలెయ్యండి. మీకు శిష్యులు బోలెడుమంది. వాడు మీ గురించి ఏమీ అడగడం లేదు. ఫారం తిప్పి పంపిస్తున్నాను.

ఇట్లు,
వాడి అమ్మ

తా.క.: పైదంతా పొద్దున రాశాను. ఇప్పుడు సాయంత్రమైంది. చింపేసి మళ్ళీ రాద్దామనుకున్నాను గానీ, అలా చేస్తే మీ ముందు ఉత్తపుణ్యానికి మంచిదాన్నయిపోతాను. ఉండనివ్వండి.

అడగడం లేదన్నది అబద్ధం. వెళ్ళిన ప్రతిసారీ, టీచరు గారు మనింటికొచ్చారా అనే మొదట అడుగుతాడు. రాలేదంటే ముఖం వాడిపోతుంది. పోయినసారి ఆ మాట వినగానే ఫోను పెట్టేసి, ఇంకా టైము ఉండగానే లేచి వెళ్ళిపోయాడు. ఒళ్ళు చేశాడన్నదీ అబద్ధమే. సగానికి సగం చిక్కిపోయాడు.

రాయడమూ మానలేదు. వాడి ఉత్తరాలు ఇంటి చిరునామాకే రానిస్తారు కదా, ఇదివరకు మీ కాగితాలు నేనే మీకు పోస్టు చేసేదాన్ని. ఈ మూడు నెలలూ చెయ్యలేదు. నాకు నాలుగు ముక్కలు రాసి, మీ పేరుతో అంత మందాన మడతపెట్టి పంపుతుంటే ఒళ్ళు మండి, విప్పను కూడా విప్పకుండా మిషను సొరుగులో కుక్కాను. ఇవాళ స్కూలు చొక్కాల కాలరుకి నమూనా కావాల్సి వచ్చింది. కసికొద్దీ అందులోంచి ఒకటి తీసి, కాలరు ఎటూ మడత మీదే కత్తిరిస్తాం గనక, అలాగే వంపు గీసి కత్తెర వేశాను. విప్పితే పైన వాడి చేతిరాత. టీచరు గారూ, ఈ వరస అమ్మ కోసం కట్టాను, అమ్మకి స్వరాలు చదవడం రాదు, ముందే చెప్పకుండా మీరు ఇంటికి వెళ్ళి వాయించి వినిపించండి అని.

కింద సరిగమలైనా కావు, మీరు నేర్పిన ఇంగ్లీషు సంగీతపు రాత, అన్నీ గీతలూ చుక్కలూ. ఎంతసేపు చూసినా గీతలూ చుక్కలే. నా కొడుకు నాతో ఏం చెప్పాడో మీరొస్తే తప్ప నాకు తెలియదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా టీచరు గారూ?

ముక్కలన్నీ ఏరి అతికించాను. రెండుచోట్ల చుక్కలు కత్తెరకి పోయాయి. అక్కడ మీకు తోచింది వాయించకండి, ఆగండి. అవి వాడే చెప్పాలి.

ఫారం మీద సంతకం పెట్టాను, మీ పెన్సిలు గుర్తు దగ్గరే. ఈసారి వంతు మీరే వెళ్ళండి, ఇంటికొచ్చానని మీ నోటితోనే చెప్పండి. కానీ ముందు ఇక్కడికి రండి. వయొలిన్ తెచ్చుకోండి. మీ మడతలన్నీ అప్పుడు ఇస్తాను. వాటినీ విప్పి చూశాను, దాచడమెందుకు. మీకు రాసినవి రెండేసి పేజీలు. నాది మూడు.