చప్పట్లు వద్దన్నవాడు

1998 ఆగస్టు, మంగళవారం రాత్రి, భవానీపురం.

ఈ పేజీలో వినయం ఎక్కడా కనబడనందుకు లోకం నన్ను క్షమించుగాక. ఇవాళ నేను మహాజ్ఞానినయ్యాను.

కాలేజీలో ఫిలాసఫీ సెమినార్‌కి పేపర్ చదివాను. "తనను తాను ప్రేమించుకునేవాడికి ఇతరుల మెప్పుతో పని లేదు. అందుచేత దయచేసి నాకు చప్పట్లు కొట్టకండి" అని ముగించాను. దుర్మార్గులు, నిజంగానే ఒక్కడూ కొట్టలేదు. పెడనలో మగ్గం ఆపుకుని మరీ వచ్చిన నాన్న కూడా వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

తిరిగి వస్తూ సిటీ బస్సులో ఉండబట్టలేక అడిగాను. "ఎలా చదివాను నాన్నా?"

"మెప్పు వద్దన్నావు కదరా, మళ్ళీ అడుగుతావేంటి?" అని కళ్ళు మూసుకున్నాడు.

అప్పట్నుంచీ ఒకటే గందరగోళం. మెప్పు వద్దని చెప్పి మెప్పు కొట్టేద్దామనుకున్నానా? నన్ను నేను అంతగా ప్రేమించుకుంటే, ప్రతి వాక్యం నాన్న మొహం చూస్తూ ఎందుకు చదివినట్టు? ఏమో, ప్రేమ వేరు, ఇది వేరేమో...

సరే, చేసిన పని ఒప్పుకుంటాను. ఆయన కునుకు తీస్తుండగా, మగ్గం మీద కాయలు కాసిన ఆ చేతిని మెల్లగా ఎత్తి, దానితో నా భుజం నేనే రెండుసార్లు తట్టుకున్నాను.