పిచ్చి జనుములో తెల్లచీర

విజయ్ పాల్ బాపుకు,

హెప్సిబా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ ఎస్తరూ క్షేమంగా ఉన్నాం. మస్కట్‌లో మీరూ, మీ గదిలో మీతో ఉండేవాళ్ళూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

పైన విజయ్ పాల్ పేరు చూసి మీ నొసలు ముడిపడి ఉంటుంది. పడనివ్వండి. సెలవుకు వచ్చిన ఇస్రార్ చేత మీరు పంపిన ఉత్తరం 'ఎస్తర్ అవ్వకు' అని కూతురి పేరుతో మొదలైంది. పెద్దోడు పుట్టిన నాటి నుంచి మనం ఒకరినొకరం వాడి పేరుతోనే పిలుచుకున్నాం. వాడు ఇల్లు విడిచి పదేళ్ళు దాటినా తల్లిని నేను విజయ్ అవ్వనే, తండ్రి మీరు విజయ్ బాపే. ఇప్పుడు ఒక్క ఉత్తరంతో నా పిలుపు మార్చేస్తే ఊరుకుంటానా? నన్నొక మాట అడగాలని కూడా అనిపించలేదా మీకు?

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. మీరు ఫోన్ ఎత్తితే గదిలో ఉన్న అందరి దగ్గులూ నాకు వినిపిస్తాయి. ఇవి వాళ్ళందరి మధ్యా చెప్పే మాటలు కావు. అందుకే సెలవు ముగించుకుని మళ్ళీ అక్కడికి వస్తున్న ఇస్రార్ చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. దీంతో పాటు మామిడి తొక్కు సీసా ఉంది. మూత గట్టిగానే బిగించాను, అయినా సంచిలో నిలబెట్టి తెమ్మని చెప్పాను.

మీరు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు పర్వాలేదు, మెట్లు దిగేటప్పుడే కాస్త పట్టేస్తుంది. ఎస్తర్‌కు ఆసుపత్రిలో పగటి డ్యూటీ దొరికింది. కొంచెం ఒళ్ళు చేసింది కూడా. ఆ మాట నేను రాశానని దానికి చెప్పకండి, నాతో రెండు రోజులు మాట్లాడదు.

ఇక మిగిలినవి. నిజామాబాదులో మన చర్చిలో స్త్రీల కూడికలు ఉండగా ప్రతి శనివారం బస్సెక్కి బోధన్ కూడికకు ఎందుకు పోతున్నావని అడిగారు. మన పాత క్వార్టర్లో దయ్యం తిరుగుతోందని మీతో ఉండే వర్ని ఊరి లింబయ్య చెప్పాడనీ, ఆ దరిదాపుల్లోకి పోవద్దనీ రాశారు. ఇక చివరి పేజీలో, మిగతా అక్షరాలకంటే చిన్న అక్షరాలతో, విజయ్ పేరు మీద జ్ఞాపకార్థ కూడిక పెట్టించమన్నారు. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించి, నలుగురికీ భోజనం పెట్టి, వాడిక లేడని ఒప్పుకుంటే నా మనసు కుదుటపడుతుందట. అది చదివి మీ ఉత్తరాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. అన్నం వండేందుకు డబ్బా తీసిన ప్రతిసారీ అదే కనిపించింది. తెలివితక్కువ పని చేశాను.

వీటన్నిటికీ నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. అది చెప్పేముందు సీతాకోకచిలుకల సంగతి చెప్పాలి.

మొన్న శనివారం నేను పనిచేసే హాస్టల్ పిల్లలను వలస సీతాకోకచిలుకలు చూపించడానికి తీసుకెళ్ళారు. పిల్లలకు తోడుగా నన్నూ రమ్మన్నారు. శనివారం పాడైందని నేను లోపల గొణుక్కుంటూనే బస్సెక్కాను. చూపించే అమ్మాయి పేరు ఇక్రా. బోధన్ పిల్ల. జంతువుల చదువు చదివి, సెలవు రోజుల్లో ఇలా జనాన్ని వెంటబెట్టుకుని పిట్టలనూ పురుగులనూ చూపిస్తుంది. నెత్తిన దుపట్టా, మెడలో దుర్భిణి, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. చూడగానే నచ్చింది నాకు.

"గివి వలస పోయేటియి. వానలు ఎనకబట్టినంక గుంపులు గుంపులుగ పోతయ్. నడుమల మన దగ్గర జర ఆగి దమ్ము తీసుకుంటయ్. అక్కడ దిగినంక లొల్లి చెయ్యొద్దు, మెల్లగ నడువాలె," అంది.

ఒక పిల్ల అడిగింది. "పోయినయే మల్ల వస్తయా అక్కా?"

"పోయినయి రావంటరు. వాటి పిల్లలొస్తయ్, లేకుంటె పిల్లల పిల్లలొస్తయ్."

ఆ మాట నాకు నచ్చలేదు. పురుగుల గురించి చెప్పడానికి వచ్చిన పిల్ల పురుగుల గురించే చెప్పింది. నాకెందుకు కోపం రావాలి? కానీ వచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అలా తిరిగి కూర్చున్నాను కనుక బస్సు ఎటు మళ్ళిందో ముందు నేనే చూశాను. అది బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తొవ్వ పట్టింది. చెరుకు బండ్లు బారులు తీరి నిలబడే చోట ఇప్పుడు ఎవరో వడ్లు ఆరబోశారు. బస్సు మన కాలనీ గేటు ముందే ఆగింది. పిల్లలందరూ దిగినా నేను దిగలేకపోయాను. మోకాలని చెప్పి కాసేపు కూర్చుని, ఆఖర్న దిగాను.

మీరు చూస్తే గుర్తుపట్టరు. ఫ్యాక్టరీ మూతపడి మనమంతా ఖాళీ చేశాక, క్వార్టర్ల తలుపులూ కిటికీలూ రేకులూ దొరికినవాళ్ళు దొరికినట్టు ఊడబెరుక్కుని పోయారు. దర్వాజ చట్రాలు కూడా పెకిలించారు. మన లైను మాత్రం మనిషెత్తు పిచ్చి జనుముతో నిండిపోయింది. దాని వెనక మన క్వార్టరు తలుపుతో, తాళంతో, మనం వదిలివెళ్ళినట్టే ఉంది.

అక్కడ ఏమీ లేవని పిల్లలు ముఖాలు ముడుచుకున్నారు. కొమ్మలకు ఎండిన ఆకులు వేలాడుతున్నాయంతే. ఎండ తగలగానే ఆ ఆకులు తెరుచుకున్నాయి. నల్లటి రెక్కలు, వాటి మీద లేత నీలం చారలు. ముందు ఒక కొమ్మ కదిలింది, తర్వాత దాని పక్క కొమ్మ, తర్వాత మన వాకిలంతా కదిలింది. చప్పుడు లేదు. అన్ని ప్రాణాలు ఒక్కచోట కదులుతుంటే ఎంతో కొంత చప్పుడు ఉండాలి కదా. నాకు భయం వేసింది. అవి పూల మీద వాలడం లేదు, ఎండి విరిగిన కొమ్మలను పట్టుకుని గీరుతున్నాయి. ఆ రసం మగవాటికి కావాలట, అది దొరకకపోతే వాటికి జత దొరకదట. గాలి వీచినప్పుడు ఎండుకాయల్లో గింజలు గజ్జెల్లా గలగలమన్నాయి.

"గీ ఒక్క ఇంటి ముంగటనే ఎందుకున్నయక్కా?" అని పిల్లలు అడిగారు.

ఇక్రా నవ్వింది. "దయ్యం దయ. కడమ లైన్లల్ల మ్యాకలు మేసినయ్, కట్టెల కోసం కొట్టుకపోయిండ్రు. ఈ లైనుకు రావాలంటె అందరికి డర్. ఆమె సల్లగుండాలె."

లైను చివర్న ఒకతను మేకలను ఆపుకుని నిలబడి ఉన్నాడు. పేరు ఎర్రన్న. మనం పోయాక ఈ పక్కకు వచ్చినవాడు, నన్ను ఎరగడు. ఇక్రా పిలిస్తే నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"నవ్వులాట గాదు బిడ్డా. నా కండ్లతోని సూసిన. పొద్దుగూకంగ తెల్లచీర కట్టుకొని గా గడప మీద కూసుంటది. దీపం ముట్టిస్తది. సన్నగ పాట వాడుతది. తలుపు పెరుకనీకి వచ్చినోళ్ళు గడ్డపారలు ఇడిసిపెట్టి ఉరికిండ్రు."

"ఎవలామె?" అని ఒక పిల్ల అడిగింది.

"గీ ఇంటామెనే. కొడుకు ఎటో పోయిండట. ఎదురుసూసి ఎదురుసూసి పానం ఇడిసింది. సచ్చినా సూపు తొవ్వ మీదనే ఉన్నది."

పిల్లలంతా వచ్చి నన్ను కరుచుకున్నారు. ఒకతి నా చెయ్యి పట్టుకుని, చల్లగా ఉందని వదిలేసింది. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

ఎర్రన్న ఇంకా చెబుతున్నాడు. "మొన్న మామిడికాయలప్పుడు ఒక పడుసోడు వచ్చిండు. గడ్డమున్నది, మాటల మరాఠి కలుస్తుండె. జీవరాజు సార్ క్వార్టర్ గిదేనా అన్నడు. వాళ్ళు ఎన్నడో పోయిండ్రు, ఇంటామె సచ్చి దయ్యమై ఈడనే తిరుగుతున్నది, పోకు బిడ్డా అన్న. ఆమె సచ్చిపోయిందా అని మల్ల మల్ల అడిగిండు. అవునన్న. అయినా నా మాట ఇనకుంట పోయిండు. తల ఎత్తకుంటనే దర్వాజ మీద చెయ్యి పెట్టి ఏందో తీసి జేబులేసుకున్నడు. గడప మీద శానసేపు కూసున్నడు. లేసి పోతుంటె ఏ ఊరు బిడ్డా అన్న. అప్పటికే తొవ్వెక్కిండు."

ఇప్పుడు నా జవాబు వినండి.

బోధన్‌లో నేను ఏ కూడికకూ పోవడం లేదు. పోవడం మానేసి చాలాకాలమైంది. శనివారం శనివారం కూడికకు కట్టే తెల్లచీరే కట్టుకుని, ఎస్తర్‌కు కూడికనే చెప్పి, మన గడప మీద కూర్చుని ఆఖరి బస్సుకు తిరిగి వస్తున్నాను. ఆ దయ్యం నేనే.

వాడికి తెలిసిన ఇల్లు అదొక్కటే. మనం నిజామాబాదు మారింది వాడికి తెలియదు. పాత ఫోన్ నంబరు మీరు మస్కట్ పోయినప్పుడే పోయింది. చర్చిలో అడగడా అంటారు. ఇంటర్ తప్పి, మీ చేతి దెబ్బ తిని, సిగ్గుతో పోయినవాడు ముందు చర్చికి వస్తాడా, ఇంటికి వస్తాడా? వస్తే ఎవరి కంటా పడకుండా మసక చీకట్లోనే వస్తాడనుకున్నాను. ఇల్లు గుర్తుపట్టాలని కొవ్వొత్తి వెలిగించాను. నాకు భయం వేయకుండా పాట పాడుకున్నాను. తాళంచెవి ఎప్పటిలాగే దర్వాజ పైన పెట్టాను, మన నలుగురికీ తప్ప ఎవరికీ తెలియని చోట. మామిడికాయల కాలంలో అది కనబడకపోతే ఇనుము ఎత్తుకుపోయే దొంగలను తిట్టుకున్నాను. దొంగలు తలుపు వదిలేసి తాళంచెవి పట్టుకుపోతారా? ఆ మాత్రం ఆలోచన కూడా రాలేదు నాకు.

దయ్యమన్న మాట పుట్టినప్పుడు నేను విన్నాను. ఆపలేదు. నవ్వుకున్నాను కూడా. దొంగలు రారు, ఇల్లు నిలుస్తుంది, వాడు వచ్చేదాకా తలుపు ఉంటుంది అనుకున్నాను. వాడు వచ్చిననాడు నేను చచ్చానని చెప్పి వెనక్కి పంపేది ఆ మాటేనని ఎలా తెలుస్తుంది?

ఎర్రన్న మాట ముగియగానే జనుములోంచి నడిచి తలుపు దగ్గరికి పోయాను. సీతాకోకచిలుకలు లేచి నా ముఖం మీదా కళ్ళద్దాల మీదా పడ్డాయి. బరువే లేవు. తల ఎత్తకుండానే దర్వాజ మీద చెయ్యి పెట్టి వెదికాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. వెనక ఎర్రన్న చేతికర్ర కింద పడిన చప్పుడైంది.

"అమ్మా... నువ్వా?"

"బతికే ఉన్న ఎర్రన్నా. పట్టి సూడు," అని చెయ్యి చాపాను.

అతను పట్టుకోలేదు. ఇక్రా వచ్చి పట్టుకుంది. "నేనెంత పని చేస్తి, నేనెంత పని చేస్తి" అంటూ ఎర్రన్న మేకల మధ్య కూలబడ్డాడు. అతన్ని ఏమనగలను? తాను నిజమనుకున్నదే చెప్పాడు. అతనికి ఆ నిజం ఇచ్చింది నేను.

ఇక్రాకు సంగతంతా చెప్పి, తలుపు మీద రాయమన్నాను. ఆ పిల్ల బొగ్గు వెదికి తెచ్చి పెద్ద అక్షరాలతో రాసింది. 'విజయ్, మీ అవ్వ బతికే ఉంది.' కింద నిజామాబాదు చిరునామా, నా నంబరు. దయ్యం లేదని ఊరందరికీ తెలిస్తే ఇక ఆ జనుము నిలవదని అప్పుడు గుర్తొచ్చి అడిగాను. "నీ సీతాకోకచిలుకలు పోతయి గద బిడ్డా?"

"పోనియ్ అమ్మా. వాటికి రెక్కలున్నయ్, ఇంకో జాగ సూసుకుంటయ్," అంది. కానీ బస్సెక్కేముందు ఆగి చాలాసేపు వెనక్కి చూసింది.

ఇప్పుడు చెప్పండి, జ్ఞాపకార్థ కూడిక ఎవరికి పెట్టించమంటారు? పెట్టాలంటే నాకే పెట్టాలి. వాడి లెక్కలో చచ్చింది నేను. ఎక్కడో, ఏ ఊళ్ళోనో, పక్కన పాస్టరు లేకుండా, మీరు లేకుండా, వాడొక్కడే నా కోసం ఏడ్చి ఉంటాడు. పడుకున్నా అదే, లేచినా అదే. ఏళ్ళ కింద ఆగిపోయిన ఫ్యాక్టరీ సైరన్ ఈ మధ్య నాకు సాయంత్రం పూట వినిపిస్తోంది. అన్నం కలుపుతూ నా చెయ్యి నేనే తడిమి చూసుకుంటున్నాను. ఎస్తర్‌కు మొత్తం చెప్పాను. తిట్టి, ఏడ్చి, నా పక్కనే పడుకుంటోంది.

మీరు చేయవలసింది ఒకటి ఉంది. దయ్యం కథ బోధన్ నుంచి వర్నికి, వర్ని నుంచి లింబయ్య నోట మస్కట్ దాకా వచ్చింది. దాని వెనకే అసలు సంగతి కూడా పోవాలి. అందరి మధ్యా చెప్పే మాటలు కావని మొదట్లో రాశాను. అది కొట్టివేయండి. ఈ ఉత్తరం గదిలో గట్టిగా చదవండి. కొడుకు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడని మీరు అక్కడ చెప్పుకుంటున్నారట, ఇస్రార్ అన్నాడు. అది కాదని చెప్పండి. మీరు కొట్టారనీ, వాడు పోయాడనీ, తిరిగి వచ్చాడనీ, వాడి తల్లి బతికే ఉందనీ చెప్పండి. మరాఠీ వాళ్ళుంటే వాళ్ళకు అర్థమయ్యేలా ఇంకోసారి చెప్పించండి. మీకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చదవండి.

ఈ శనివారం మళ్ళీ పోతాను. తెల్లచీర కట్టను. మీరు పంపిన గులాబీ పూల చీర కట్టుకుని పగటిపూటే పోతాను. లోపల ఊడ్చి, నీళ్ళు చల్లుదామని ఉంది. తాళం పగలగొడదామని ఎస్తర్ అంటోంది. వద్దన్నాను. తాళంచెవి వాడి జేబులో ఉంది. ఆ తలుపు వాడే తీయాలి.

ఇట్లు,
బతికే ఉన్న
విజయ్ పాల్ అవ్వ